అమ్మాయి ఏ సన్నివేశానికి ఏడ్చింది?

విశాఖపట్నం నుంచి ఒక తల్లి రాశారు. పదిహేనేళ్ల కూతురు ఏడేళ్లుగా చక్రాల స్కేటింగ్ నేర్చుకుంటోంది. తల్లీకూతుళ్లిద్దరూ ఇంట్లో ‘ఐ, టోన్యా’ సినిమా చూశారు. అమెరికా మంచు స్కేటింగ్ క్రీడాకారిణి టోన్యా హార్డింగ్ కథ అది; అందులో తల్లి కూతురిని కొడుతూ ఉంటుంది. అది అయ్యాక అమ్మాయి ‘ఆ తల్లికీ నీకూ తేడా ఏముంది?’ అంది. మూడు వారాలుగా ప్రాక్టీసుకు వెళ్లడం లేదు. వచ్చే నెల సెలక్షన్స్. తండ్రి బ్యాంకు ఉద్యోగి, బదిలీ మీద నాలుగేళ్లుగా అనంతపురంలో ఉంటున్నారు. ‘నేరస్థురాలి మీద తీసిన సినిమాలు పిల్లలు చూడవచ్చా? దీన్ని మళ్లీ రింకుకు పంపడం ఎలా?’ అని ఆ తల్లి అడిగారు.

అమ్మా,

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. ఆ వయసు పిల్లకు చూపించే సినిమా కాదు. అందులో బూతులు, కొట్లాటలు కావలసినన్ని ఉన్నాయి. కానీ చూసేశారు. ఇక దాని సంగతి వదిలేయండి.

టోన్యా హార్డింగ్‌ను ‘నేరస్థురాలు’ అని ఒక్క మాటతో పక్కకు నెట్టారు కాబట్టి కొంత చెబుతాను. 1991లో మినియాపోలిస్‌లో జరిగిన అమెరికా జాతీయ పోటీల్లో ఆమె ట్రిపుల్ యాక్సెల్ అనే గెంతు వేసింది. పోటీలో దాన్ని వేసిన మొదటి అమెరికన్ మహిళ ఆమే. మిగతా గెంతులు వెనక్కి జారుతూ ఎగిరి వేస్తారు. దీన్ని మాత్రం ముందుకు జారుతూ ఎగరాలి. అందుకే గాలిలో మూడు కాదు, మూడున్నర చుట్లు తిరగాలి. నాకన్నా మీ అమ్మాయి బాగా చెబుతుంది. ఎప్పుడైనా అడిగారా?

తర్వాత, 1994 జనవరి 6న డెట్రాయిట్‌లో, ప్రాక్టీసు ముగించి వస్తున్న తోటి క్రీడాకారిణి నాన్సీ కెరిగన్‌ను ఒకడు మోకాలి పైభాగాన లాఠీతో కొట్టాడు. వెనక ఉన్నది టోన్యా మాజీ భర్త, అతని స్నేహితుడు. దాడి సంగతి ముందే తెలుసన్న ఆరోపణను టోన్యా ఒప్పుకోలేదు. దర్యాప్తుకు అడ్డుపడ్డానని మాత్రం కోర్టులో ఒప్పుకుంది. లక్ష డాలర్ల జరిమానా, మూడేళ్ల ప్రొబేషన్ పడ్డాయి. స్కేటింగ్ సంఘం జీవితాంతం నిషేధించింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. తెలిసిన విద్య అదొక్కటే.

ఇక ఆ తల్లి సంగతి. ఆ వేషం వేసిన ఆలిసన్ జానీకి ఆస్కార్ వచ్చింది. అసలు తల్లి మాత్రం ఆ దెబ్బల కథల్లో చాలావాటిని కాదన్నారు. సినిమా కూడా ఒకరి మాటకు ఇంకొకరి మాట పొంతన లేకుండానే నడుస్తుంది. మీరు ఆమెలాంటి వారు కారు, నాకు తెలుసు. ఏడేళ్లలో ఒక్కసారే చెయ్యి చేసుకున్నానని, ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. కానీ హోటల్లో వడ్డించి తెచ్చిన డబ్బంతా నీకే పోశానని ఆ తల్లి కూతురిని ఎత్తిపొడుస్తూ ఉంటుంది. మీ ఉత్తరంలో రెండో పేజీ మొత్తం లెక్కలే: బూట్లు, చక్రాలు, కోచ్ ఫీజు, ప్రయాణాలు, తాకట్టు పెట్టిన గాజులు. చివర కూడిక కూడా వేశారు. అమ్మాయికి ఆ మొత్తం కంఠతా వచ్చే ఉంటుంది.

అయినా నన్ను ఆపింది ఆ పేజీ కాదు. మూడో పేజీలో మార్జిన్‌లో ఇరికించి రాశారు: ‘కొట్టే సన్నివేశాలప్పుడు కదలకుండా కూర్చుంది. తండ్రి కారెక్కి వెళ్లిపోతుంటే ఆ పిల్ల తననూ తీసుకుపొమ్మని బతిమాలుతుందే, అప్పుడు లేచి బాత్రూములోకి వెళ్లి ఏడ్చింది. ఎందుకో అర్థం కాలేదు.’

నిజంగా అర్థం కాలేదా?

నాలుగు పేజీల్లో మీ వారికి ఇచ్చింది రెండు వాక్యాలు. ‘ఆయన వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే’ అన్నది మొదటిది. ‘మీ నాన్నకు నీ మీద ప్రేమ ఉంటే బదిలీ ఆపించుకునేవారు అని దానితోనే చెప్పాను’ అన్నది రెండోది. బదిలీ వచ్చినప్పుడు మీరిద్దరూ ఇక్కడే ఉండిపోయింది కోచ్ కోసం. పదకొండేళ్ల పిల్ల దాన్ని ఎలా అర్థం చేసుకుని ఉంటుంది? నా స్కేటింగ్ వల్ల నాన్న వేరే ఊళ్లో ఒంటరిగా వండుకు తింటున్నాడు, ఇది మానేస్తే ఇల్లు ఒకటవుతుంది అనుకుని ఉంటుంది. ‘తేడా ఏముంది’ అని మీ మీద విసిరింది కోపంలో దొరికిన మాట. మానేయడం వెనక ఉన్నది ఇదేనని నా అనుమానం.

ఆయన్ను వెనకేసుకు రావడం లేదు. నెలకొకసారి వచ్చి, రెండు పూటలు తిని, పడుకుని వెళ్లిపోయే మనిషికి తండ్రి హోదా ఊరికే రాదు. ఏడేళ్లలో ఒక్క పోటీకీ రాలేదంటే ఆయన్ను నిలదీయాల్సిందే. కానీ నిలదీయాల్సింది మీరు, ఆయన ఎదుట. కూతురు దగ్గర తండ్రిని తక్కువ చేసి మాట్లాడటం ఈ రోజు నుంచే మానండి. మొగుడి మీద అలకనంతా మోయడానికి ఆ పిల్ల భుజాలు చాలవు.

సెలక్షన్స్ గురించి ఈ నెల మీ నోట మాట రాకూడదు. వెళ్తే వెళ్తుంది, లేకపోతే ఒక ఏడాది పోతుంది. మీరు రాసిన కూడిక కాగితం చించేయండి, గాజుల సంగతి మళ్లీ ఎత్తకండి.

ఈసారి ఆయన వచ్చే ముందే ఫోను చేసి, బాత్రూములో ఏడ్చిన సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మధ్యలో మీ ఫిర్యాదులు కలపకండి, వాటికి వేరే రోజు ఉంది. ఆదివారం సాయంత్రం తండ్రీకూతుళ్లను బీచ్ రోడ్డుకు పంపండి. మీరు వెంట వెళ్లకండి. తిరిగొచ్చాక ఏం మాట్లాడుకున్నారని అడగకండి. అన్నం వడ్డించండి.