సూళ్లూరుపేట లోకల్ మధ్యలో ఆగిపోతే ఎక్కడ దిగాలి, ఎవరి మాట నమ్మాలి?

"సూళ్లూరుపేట నుంచి చెన్నై గిండీలో ఉద్యోగానికి రోజూ లోకల్లో వెళ్తున్నాను. సెంట్రల్‌లో దిగి పార్క్ స్టేషన్లో బండి మారాలి. మొన్న దారిలో గంటసేపు ఆగింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి, ఏ సమాచారం నమ్మాలి?" అని అడిగారు మీరు.

నేను తొమ్మిదేళ్లు తడ నుంచి సైదాపేటకి ఇదే లైన్లో తిరిగాను. పోయినేడు తండయార్‌పేటకి మారిపోయాం. అమ్మావాళ్లు ఇంకా తడలోనే ఉన్నారు కాబట్టి వారానికోసారి అదే లోకల్ ఎక్కుతూనే ఉన్నాను. మీరు రాసిన ఆ గంట ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు.

బండి ఎందుకు ఆగుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట సుమారు 83 కిలోమీటర్లు. చెన్నై నుంచి అత్తిపట్టు దాకా అదనపు లైన్లు ఉన్నాయి. అది దాటి మన వైపు వచ్చేసరికి వచ్చే బండ్లకొకటి, పోయే బండ్లకొకటి, అంతే. విజయవాడ, హౌరా, ఢిల్లీ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు, మన లోకళ్లు అన్నీ ఆ రెండు పట్టాల మీదే నడవాలి. పైగా 2022లో చెన్నై, గూడూరు మధ్య వేగాన్ని గంటకి 130 కిలోమీటర్లకి పెంచారు. ప్రతి స్టేషన్లో ఆగే లోకల్ వెనకాల అంత వేగంతో ఇంకో బండి వస్తుంటే, లోకల్‌ని స్టేషన్లో పక్కనుండే లూప్ లైన్లోకి తప్పించి దాన్ని ముందు పంపుతారు. రోజువారీ ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇదే.

ఈ సంగతి నాకు నేర్పింది పూలమ్మే ఒకావిడ. కొత్తలో ఒక రాత్రి, పేరెందుకులే, మధ్యలో ఒక చిన్న స్టేషన్లో బండి నలభై నిమిషాలు ఆగింది. మైకులో తర్వాత రాబోయే ఎక్స్‌ప్రెస్ గురించి తప్ప మా బండి గురించి ఒక్క మాట లేదు. లేడీస్ పెట్టెలో ఫ్యాన్లు ఆగిపోయి ఉక్కపోత. ఆవిడ ఖాళీ బుట్టలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని, మిగిలిన కనకాంబరాలు తడిగుడ్డలో చుట్టుకుంటూ తలుపు దగ్గర కూర్చుంది. నేను, ఇంకో నలుగురు దిగిపోదామని లేచాం. "దిగబాకండమ్మాయ్. ఆ పక్క లైన్ సిగ్నల్ పచ్చగా ఉండాది చూడు. ఏదో పెద్ద బండి వస్తా ఉంది. అది పోతే మనదీ కదులుద్ది" అంది. మేం వినలేదు. దిగి, చీకట్లో హైవే దాకా పోయే షేర్ ఆటో కోసం బేరం ఆడుతుండగా ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. మేం ఆటోలో సర్దుకుని కూర్చునే లోపు లోకల్ హారన్ వినబడింది. మాకంటే గంట ముందు ఆవిడ ఇల్లు చేరింది.

అందుకే బండి ఆగినప్పుడు వీలైతే తలుపు దగ్గర నుంచి సిగ్నళ్లు చూడండి. మనది ఎర్రగా, పక్కన మెయిన్ లైన్‌ది పచ్చగా ఉంటే మనల్ని దాటి పోయే బండి ఒకటి వస్తున్నట్టే. అది పోయి, ముందు దారి ఖాళీ అయ్యాక మనది కదులుతుంది. ఓపిక పట్టొచ్చు. రెండూ ఎర్రగానే ఉండి, ఎదురు వైపు నుంచి కూడా బండ్లు రాకపోతే మాత్రం ముందు ఎక్కడో ఏదో జరిగి ఉండొచ్చు. అప్పుడు చివరి పెట్టె దగ్గరికి వెళ్లి గార్డుని అడగండి. 2022 నుంచి వాళ్ల హోదా పేరు ట్రైన్ మేనేజర్, మనం మాత్రం ఇంకా గార్డు అనే అంటాం. మర్యాదగా, ఒక్కరే వెళ్లి అడిగితే తెలిసింది చెప్తారు. పదిమంది చుట్టుముట్టి అరిస్తే ఎవరైనా ఏం చెప్తారు?

ఇక అసలు విషయం. ఆలస్యం గురించిన మాట ఎప్పుడు తెలిసిందన్నదే ముఖ్యం. వేరే దారి పట్టుకోగలిగే స్టేషన్ దాటకముందే తెలిస్తే పనికొస్తుంది, దాటాక తెలిసి లాభం లేదు. మీ దారిలో పొద్దున అలాంటి చోట్లు మూడు.

మొదటిది విమ్కో నగర్. మీకు ఇది వరం అనే చెప్తాను. 2021 ఫిబ్రవరిలో మెట్రో బ్లూ లైన్ ఇక్కడిదాకా వచ్చింది. రైల్వే స్టేషన్ నుంచి మెట్రోకి నడిచి వెళ్లొచ్చు. అదే లైన్ తిరువొత్తియూర్, వాషర్‌మెన్‌పేట, హైకోర్టు, సెంట్రల్, సైదాపేట మీదుగా గిండీ చేరి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి పోతుంది. మధ్యలో మారాల్సిన పనే లేదు. సెంట్రల్‌కి ముందున్న బేసిన్ బ్రిడ్జి దగ్గర బండ్లు వరసకట్టాయని తెలిసిన రోజున నేను విమ్కో నగర్‌లోనే దిగిపోయేదాన్ని. టికెట్ డబ్బులు లోకల్ కంటే చాలా ఎక్కువే, రోజూ అంటే కష్టం. నెలలో రెండు మూడు రోజులకి అయితే ఒక పూట జీతం కోతతో పోలిస్తే నయం.

రెండోది కొరుక్కుపేట. ఇక్కడ దారి చీలుతుంది. ఒకటి బేసిన్ బ్రిడ్జి మీదుగా సెంట్రల్‌కి, ఇంకోటి రాయపురం మీదుగా బీచ్‌కి. గుమ్మిడిపూండి వైపు నుంచి వచ్చే లోకళ్లలో కొన్ని బీచ్‌కి పోతాయి. బీచ్‌లో దిగితే తాంబరం, చెంగల్పట్టు బండ్లు అక్కడే మొదలవుతాయి కాబట్టి సీటు కూడా దొరుకుతుంది, రోడ్డు దాటే పని తప్పుతుంది. సెంట్రల్ లోకళ్లకి ఏదైనా అడ్డం వచ్చి, వెనకాల బీచ్ బండి దగ్గర్లోనే ఉందని తెలిస్తే కొరుక్కుపేటలో మారడం మంచిది.

మూడోది సెంట్రల్. మన లోకళ్లు వచ్చి ఆగేది మూర్ మార్కెట్ కాంప్లెక్స్ వైపు. అక్కడి నుంచి సబ్‌వేలో పూందమల్లి హైరోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కి చేరాలి. పొద్దున రద్దీలో పది పన్నెండు నిమిషాలు పెట్టుకోండి. టైమ్‌టేబుల్ చూసి ఐదు నిమిషాల్లో పార్క్‌లో బండి ఉందని లెక్క వేసుకుంటే రోజూ పరుగే. మీ దగ్గర సూళ్లూరుపేట నుంచి సెంట్రల్ వరకే సీజన్ టికెట్ ఉంటే దాన్ని గిండీ దాకా తీసుకోండి. ఇప్పుడు ఫోన్లో రైల్వేవాళ్ల రైల్‌వన్ యాప్‌లోనే తీసుకోవచ్చు. తీసుకునేటప్పుడు ఏ దారి మీదుగా అని చూపిస్తోందో ఒకసారి చదవండి.

ఏ సమాచారం నమ్మాలని అడిగారు. మీరెక్కే బండి కంటే ముందు, మీ బండి కాబోయే బండిని చూడండి. సాయంత్రం సెంట్రల్‌లో మీరెక్కే సూళ్లూరుపేట లోకల్ ఎక్కడి నుంచో ఊడిపడదు. పొద్దుటి నుంచి అటూ ఇటూ తిరుగుతున్న పెట్టెలే ఇంకో నంబర్‌తో మళ్లీ బయల్దేరతాయి. అవి అక్కడికి రావడమే ఆలస్యమైతే, బోర్డు మీద ఏ టైము ఉన్నా మీ బండి లేటే. రెండు వారాలు గమనిస్తే ఏ బండి ఏ బండిగా మారుతుందో మీకే తెలిసిపోతుంది. లోకల్ బండ్లకి 4తో మొదలయ్యే ఐదంకెల నంబర్లు ఉంటాయి. మీవి ఫోన్లో రాసిపెట్టుకోండి, ఎందుకంటే రద్దు నోటీసులు ఎక్కువగా నంబర్ల లెక్కనే వస్తాయి.

యాప్‌లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. వేర్ ఈజ్ మై ట్రైన్ లాంటివి సెల్ టవర్ల లెక్కతో బండి ఎక్కడుందో చెప్తాయి. రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్‌లో స్టేషన్ దాటిన టైములు ఉంటాయి. దేంట్లో చూసినా చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. ఇరవై నిమిషాల కిందటి కబురైతే అది కబురు కాదు. మా సీజన్ టికెట్ వాట్సాప్ గ్రూపులో కూడా మొదట్లో "బండి ఆగింది" అని పెట్టేవాళ్లు. ఏ బండి, ఎక్కడ, ఎప్పుడు? తర్వాత అందరం మాట్లాడుకుని "6:40, మీంజూరు, లూప్, రెడ్" అని పెట్టడం అలవాటు చేసుకున్నాం. ఆ నాలుగు మాటలు వెనక బండిలో ఉన్నవాళ్లని ఎన్నిసార్లు కాపాడాయో చెప్పలేను. మీ పెట్టెలో అలాంటి గ్రూపు ఉందేమో అడగండి, లేకపోతే మీరే పెట్టండి.

ముందుగా చెప్పి, పనుల కోసం లైన్ మూసే బ్లాక్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, నోటీసు పూర్తిగా చదవండి చాలు. "గుమ్మిడిపూండి వరకే" అని ఉంటే అక్కడి నుంచి తిరుగు బండి కూడా అక్కడే మొదలవుతుందని అర్థం. అంటే సూళ్లూరుపేటలో నిలబడ్డవాళ్లకి ఆ బండి లేనట్టే. రద్దయిన వాటికి బదులు నడిపే స్పెషళ్ల వివరాలు నోటీసు అడుగున ఉంటాయి, అక్కడిదాకా చదవండి. దీపావళి లాంటి రోజుల్లో ఆదివారం టైమ్‌టేబుల్ నడుపుతుంటారు, అదీ గుర్తుంచుకోండి.

మనవాళ్లకి ఇంకో ఇబ్బంది భాష. సరిహద్దు దాటాక మైకులో అరవంలో చెప్పేది చెవిన పడినా బుర్రకెక్కదు. నాలుగైదు మాటలు పట్టుకుంటే చాలు. "తామదం" అంటే ఆలస్యం. "రత్తు" మన రద్దే. "నడైమేడై" అంటే ప్లాట్‌ఫాం. ఊరి పేరు తర్వాత "వరై మట్టుమే" అంటే అక్కడిదాకానే. "నిర్కాదు" అంటే ఆగదు. ఈ చివరి మాట తెలియక ఒకసారి ఫాస్ట్ లోకల్ ఎక్కేశాను. నేను దిగాల్సిన స్టేషన్ కిటికీలోంచి వెనక్కి పోతుంటే గుండె ఝల్లుమంది.

పెద్ద విపత్తులు వేరు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్పాడి మధ్య వంతెన దగ్గర నీళ్లు ప్రమాద స్థాయి దాటితే సెంట్రల్ బండ్లు చాలా రద్దయ్యాయి. 2024 అక్టోబర్ 11 రాత్రి కవరైపేట్టైలో ఆగి ఉన్న గూడ్సుని బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్ గుద్దినప్పుడు మన లైనే మూతపడింది. అలాంటి రోజుల్లో "కాసేపట్లో వదుల్తారు" అని స్టేషన్లో కూర్చోవద్దు. ప్రమాదం అన్న మాట వినగానే రోడ్డు దారి చూసుకోండి.

మీరు ఫిర్యాదు చేయాలనుకుంటే రైల్వే హెల్ప్‌లైన్ 139 ఉంది, ఫిర్యాదుల యాప్ రైల్‌మదద్ ఉంది. "గంట లేటు" అని మాత్రమే రాయకండి. బండి నంబర్, ఆగిన చోటు, టైము రాసి, ఒక్క కోరిక కోరండి: విమ్కో నగర్‌కి ముందు స్టేషన్లలోనే మైకులో చెప్పమని. నేను రాసిన ప్రతిసారీ అదే రాశాను, ఇప్పుడూ అదే రాస్తున్నాను. కారణం అంతా వివరించక్కర్లేదు. "ముందు దారి లేదు, మెట్రోకి వెళ్లాల్సినవాళ్లు ఇక్కడ దిగండి" అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఒక బండిలోని వందల మందికి ఆ రోజు పని దక్కుతుంది. ఎక్కువ మందిమి అదే అడిగితే వినకపోరని నా నమ్మకం.

సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. గుమ్మిడిపూండి చేరాక తర్వాతి బండి లేదని తెలిస్తే, ఆ రాత్రి హైవే మీద బస్సు కోసం నిలబడటమే గతి. అందుకే నిర్ణయం సెంట్రల్‌లోనే తీసుకోవాలి. సూళ్లూరుపేట దాకా పోయే ఆఖరి లోకల్ ఏదో, గుమ్మిడిపూండితో ఆగిపోయేది ఏదో విడివిడిగా గుర్తుపెట్టుకోండి. ఆఖరిది పోయిందంటే సిటీ బస్సులో మాధవరం బస్టాండుకి వెళ్లండి, ఆంధ్రా బస్సులు అక్కడి నుంచే బయల్దేరతాయి. నెల్లూరు బస్సు ఎక్కి, తడ, సూళ్లూరుపేటలో ఆపుతారా అని కండక్టర్‌ని ముందే అడగండి. కంగారులో తిరుపతి బోర్డు చూసి ఎక్కేయకండి, వాటిలో చాలావరకు ఊత్తుకోట వైపు తిరిగిపోతాయి.