కంసాలి కథ రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మీ వీధి చివర కంసాలిగారిని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగానని ఉత్తరంలో రాశావు. ఆయన మీద నీకున్న ప్రేమ కథలో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ ఆయన పనిచేసే గది మాత్రం కనబడలేదమ్మా. "ఎక్కడ చూసినా చిందరవందరగా సామాన్లు" అని ఒక్క ముక్కలో దాటేశావు. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ చిందరవందరలో ఏముందో నాకు చెప్పు. కుంపటి, ఊదుగొట్టం, మూస, పట్టుకారు, తీగ లాగే కమ్మచ్చు, ఆకురాళ్లు అని పేర్లు వరసగా రాసేస్తే సరిపోదు. నిఘంటువు పక్కన పెట్టుకుంటే ఆ పని ఎవరైనా చేస్తారు. తల ఎత్తకుండానే ఆయన చెయ్యి దేని మీదికి పోతుంది, దేనికోసం తడుముకుంటుంది, అది చూడాలి. నగలు రుద్ది నునుపు చేసి అరిగిపోయిన ఎమెరీ కాగితాన్ని ఆయన ఎందుకు పారెయ్యడు? దానికి అంటుకున్న పొడి బంగారం కనుక. ఆ కాగితాలూ, చేతులు తుడుచుకున్న గుడ్డపీలికలూ ఒక డబ్బాలో పోగుపడతాయి. వాటిని కాల్చి, బూడిదలోంచి బంగారం తీస్తారు. చేతులు కడిగిన నీళ్లు తొట్టిలోనే ఉంటాయి, అడుగున మడ్డి దిగేదాకా. సాయంత్రం ఊడ్చిన దుమ్మునూ వీధిలో పోయరు. కడిగి బంగారం రాబట్టుకునేవాళ్లు దాన్ని డబ్బిచ్చి కొనుక్కుపోతారు. నువ్వు చిందరవందర అన్న ఆ గదిలో ప్రతి చిటికెడుకీ లెక్క ఉంది.

పొట్లాల సంగతి కూడా నువ్వు రాయలేదు. ఒక పాత నగ విప్పితే వచ్చిన కెంపులు ఒక మడత కాగితంలో, ఇంకొకరి పచ్చలు మరో కాగితంలో. పైన పెన్సిల్‌తో పేరు, బరువు. జత లేని కమ్మ ఒకటి ఎప్పటినుంచో మూలన పడి ఉంటుంది. దాని రెండోది పోగొట్టుకున్న మనిషి నమూనాకని ఇచ్చి వెళ్లి, మళ్లీ రాలేదు. ఆ కమ్మ ఎవరిదో ఆయన్ను అడుగు. నీకు ఇంకో కథ దొరకవచ్చు.

ఇక పని. "ఆయన బంగారాన్ని అతికించాడు" అని రాశావు. ఒక జుంకాకి అతుకు పెట్టడం దగ్గర కూర్చుని చూడు. ముందు వెలిగారాన్ని (బోరాక్స్) రాతి మీద నీళ్లతో అరగదీసి, సన్నని కుంచెతో కీలు దగ్గర రాస్తారు. దాని మీద గసగసంత అతుకు ముక్క, అంటే కరిగి రెండిటినీ కలిపే లోహపు తునక, పెడతారు. మంట తగలగానే వెలిగారం తెల్లగా పొంగుతుంది, మళ్లీ అణిగి గాజులా మెరుస్తుంది. అప్పుడు అతుకు ముక్క ఒక్కసారిగా కరిగి సందులోకి పాకుతుంది. మంట ఆ క్షణంలోనే తియ్యాలి. ఇంకొక్క ఊపిరి ఎక్కువ ఊదితే పక్కనున్న చిన్న గుండు కూడా కరిగిపోతుంది. పొద్దున్నుంచి చేసిన పని అక్కడితో సరి. ఆయన ఊదేటప్పుడు ఎవరితోనూ ఎందుకు మాట్లాడరో నీకు అప్పుడు అర్థమవుతుంది. నీ కథలో ఆయన ఊదుతూనే కోడలికి జవాబిస్తున్నారు. అది మార్చు.

ఆయన దగ్గుకి వయసు కారణమని రాశావు. కావచ్చు. కానీ ఒకప్పుడు అతుకులో రాగి ఎక్కువగా ఉండేది, నగ కరిగిస్తే నాణ్యత తగ్గేది. తర్వాత కేడ్మియం అతుకు వచ్చింది. "కేడీఎం బంగారమేనా?" అని మనమంతా అడిగి మరీ కొన్నాం. ఆ కేడ్మియం పొగ ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. దాన్ని పీల్చింది ఊదుగొట్టం పట్టుకున్నవాళ్లు. ఆ దగ్గు గురించి ఆయన్నే మెల్లిగా అడిగి తెలుసుకుని రాయి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది కూతురి పెళ్లికని ఆ తల్లి లక్క గుండ్ల దండ తెచ్చిన ఘట్టం. ఆమె కన్నీళ్లు పేరాల కొద్దీ రాశావు. గుండ్లలో లక్క ఉంటుందన్న సంగతి వదిలేశావు! గుండు పైన పలుచని బంగారు రేకు, లోపలంతా లక్క. కరిగించే ముందు ఆ లక్క కాలిపోవాలి. గదంతా పొగ, వాసన. దండ తక్కెడలో చూపిన బరువు వేరు, లక్క పోయాక మిగిలిన బంగారం బరువు వేరు. అత్తగారు "ఇన్ని తులాలు" అని చెప్పిన మాటని ఆమె ఇన్నేళ్లూ నమ్మింది. ఇప్పుడు కళ్లముందే తగ్గింది. ఆ పైన తరుగు, మజూరీ. ఆమె ఏమీ అనదు, కానీ ఆయన వైపు చూస్తుంది. ఆయనకి ఆ చూపు కొత్త కాదు. కంసాలి తల్లి బంగారాన్నీ వదలడన్న సామెత ఆ గదిలోకి ఆమెతోపాటే వచ్చింది. నువ్వు ఆ సామెతని కోడలి నోట హాస్యానికి పెట్టావు. తీసెయ్యి తల్లీ. తరతరాలుగా ఆ మాట పడుతున్న మనిషి, అనుమానించే కళ్ల ఎదుట తక్కెడ ఎలా పట్టుకుంటాడో రాయి.

కథలో తాత "ఎందుకో పని మానేశాడు" అని కూడా రాశావు. ఏ సంవత్సరం? 1963లో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనల ప్రకారం కొత్త నగలు 14 క్యారెట్లకు మించకూడదన్నారు. ఆ నాణ్యతతో తాళిబొట్టు చేయించుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? కంసాలుల చేతుల్లో పని లేకుండా పోయింది, దేశమంతటా ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. 1968లో చట్టమే వచ్చింది, 1990లో గాని రద్దు కాలేదు. ఆ తాత గారిది ఆ కాలమే అయితే "ఎందుకో" అన్న మాట ఆయనకి అన్యాయం చేస్తుంది.

ఇప్పటి రోజుల గురించి ఎక్కువ అక్కర్లేదు. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అవుతూ వచ్చింది. నగ మీద ఇప్పుడు అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే గుర్తు ఉంటుంది. చేసిన మనిషి పేరు అందులో లేదు. షాపు వాళ్లిచ్చే పనికి కూలీ తీసుకుని చేసేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. మీ కంసాలిగారూ అంతేనేమో కనుక్కో.

ముహూర్తాల రోజుల్లో వెళ్లకు, ఆయనకి ఊపిరి సలపదు. ఆషాఢంలో వెళ్లు. ఫోన్ తీసి ఫొటోలు మొదలెట్టకు, అక్కడున్నవన్నీ ఊళ్లోవాళ్ల నగలు. తిరగరాశాక ముందు ఆయనకే చదివి వినిపించు. పని దగ్గర ఎక్కడ తప్పు రాశావో ఆయన చెప్తారు. అవి దిద్దుకున్నాక నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.