రెండు పక్షాల మధ్య రాజీ ఎందుకు కరువైంది?

చిత్తూరు, తిరుపతి ఎమ్మెల్యేలు పార్టీ గీత దాటి జిల్లా నీళ్ల కోసం ఒక్కటిగా ఎందుకు ఓటేయరని ఒక పాఠకుడు అడిగారు. వేయాలనుకున్నా కష్టమే. పార్టీ ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్ (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించి ఓటేసినా, ఓటింగుకు రాకపోయినా, పార్టీ 15 రోజుల్లోపు మన్నించకపోతే సభ్యత్వానికే ఎసరు. తేల్చేది స్పీకర్, ఆయన దాదాపు ఎప్పుడూ అధికార పక్షం మనిషే. పార్టీ సభ్యుల్లో మూడో వంతు మంది చీలితే దొరికే రక్షణను కూడా 2003లో 91వ రాజ్యాంగ సవరణ తీసేసింది.

పైగా మన ఎన్నికల్లో గెలుపు ఒకవైపే ఒరుగుతోంది. ఉమ్మడి చిత్తూరులోని 14 స్థానాల్లో 2019లో వైసీపీకి 13, 2024లో కూటమికి 12. అవతలివాళ్ల ఓటు అక్కర్లేనప్పుడు బేరమెందుకు?

అనర్హతను విశ్వాస తీర్మానాలు, ద్రవ్య బిల్లుల వంటి ఓట్లకే పరిమితం చేయాలని ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. ముందు చేయాల్సింది అదే.