తీగ దగ్గర మొదలుపెట్టు

కావలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కందుకూరులో కంప్యూటర్ ల్యాబ్ నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. చాలా సంతోషమమ్మా. నెట్ రాకపోతే టెన్షన్‌తో సెట్టింగ్స్ అన్నీ మార్చేస్తున్నానన్నావు కదా, దాని గురించే ఈ ఉత్తరం.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది. అది మా ఇంటికి వచ్చేసరికి, ఫోన్ లైన్ మీద నెట్ తెచ్చే మోడెమ్ డబ్బా మీద 56కె అని రాసి ఉండేది. అవి సెకనుకు కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 7 కిలోబైట్లు. మా లైన్లో అంత కూడా ఎప్పుడూ రాలేదు. ఒక్క ఎంబీ ఫైలు దిగడానికి మూడు నిమిషాల పైనే పట్టేది. ఈలోగా మీ అత్తయ్య పక్కగదిలో ఫోన్ ఎత్తిందంటే మళ్లీ మొదటికే.

అయినా నాకు పని నేర్పింది ఆ మోడెమే. ముందు డయల్ టోన్, తర్వాత నెంబరు నొక్కిన చప్పుడు, ఆ తర్వాత రెండు మోడెమ్‌లూ ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకునే కీచురొద. టోనే లేకపోతే లోపం తీగలో. రొద మధ్యలో తెగితే లైన్లో గరగర. అంతా అయ్యాక ఆగితే పాస్‌వర్డ్ చూసుకోవాలి. ఇది తెలియక ముందు ఒకసారి విండోస్ రెండుసార్లు మళ్లీ ఎక్కించాను. తీరా చూస్తే గోడ మీది ఫోన్ డబ్బాలో స్క్రూ తుప్పు పట్టి ఉంది. మన సముద్రపు గాలికి రాగి తీగలు అలాగే పాడవుతాయి.

ఇప్పటి నెట్‌వర్క్ చప్పుడు చేయదు. నువ్వే అడగాలి. ముందు కేబుల్ గట్టిగా నొక్కి, ల్యాబ్ కేబుళ్లన్నీ కలిసే డబ్బా, అదే నెట్‌వర్క్ స్విచ్, దాని మీద ఆ కేబుల్ దూర్చిన పోర్టు లైటు వెలుగుతోందా చూడు. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టు, నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నెంబరు, అంటే అడ్రస్, కనిపిస్తుంది. అడ్రస్ 169.254తో మొదలైతే బయటి నెట్‌ను ల్యాబ్‌కు పంచే రౌటర్ నుంచి దానికి నెంబరు అందలేదన్నమాట. అప్పుడు బ్రౌజర్‌తో కుస్తీ పట్టకు, మళ్లీ కేబుల్ దగ్గరికే వెళ్లు. అడ్రస్ బాగుంటే రౌటర్‌ను పింగ్ చెయ్యి, అంటే ‘ఉన్నావా’ అని పలకరించు. అది పలికితే 8.8.8.8ని, అంటే బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌ని. అదీ పలికి, వెబ్‌సైట్ పేరు కొడితే మాత్రం రాకపోతే లోపం డీఎన్ఎస్‌లో ఉంది. పేరును నెంబరుగా మార్చేది అదే.

ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చింది నోట్‌బుక్‌లో రాసుకో. బాగుపడకపోతే ముందున్నట్టే పెట్టి ఇంకోటి చూడు. రెండు మూడు కలిపి మార్చితే దేనివల్ల బాగైందో నీకే తెలియదు, రేపు మళ్లీ అదే తిప్పలు.

కొత్త కేబుళ్లు నువ్వే చేసుకోవడం నేర్చుకో. రెండు చివరలా రంగుల వరస ఒకటే ఉండాలి. ఆదివారం వస్తే కేబుల్ చివర ప్లగ్గు బిగించే నా క్రింపింగ్ టూలు, కేబుల్ బాగుందో లేదో చూసే టెస్టరూ ఇస్తాను. టెస్టర్‌లో బ్యాటరీ వేయించి ఉంచాను.

మీ మామయ్య