11 కేవీ లైన్ సెన్సర్‌కు బ్యాటరీ నిలవడం లేదా?
వ్యవసాయ ఫీడర్ తీగకు బిగించిన సెన్సర్‌లో బ్యాటరీ వారం కూడా రావడం లేదన్నారు. దాన్ని తినేస్తున్నది మీరు వాడిన జీఎస్ఎం (సిమ్‌తో మొబైల్ నెట్‌వర్క్‌లో డేటా పంపే) మాడ్యూలే. డేటా పంపే క్షణంలో అది 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. దాన్ని తీసేసి లోరా (తక్కువ కరెంటుతో దూరానికి డేటా పంపే రేడియో) మాడ్యూల్ పెట్టండి. మన దేశంలో అది వాడే 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పని లేనప్పుడు మైక్రో ఆంపియర్లతోనే గడిపేస్తుంది. గేట్‌వేను (సెన్సర్ పంపే డేటాను అందుకునే పెట్టెను) ఊళ్లో ఎత్తైన మేడ మీద పెట్టండి.

ఇక ఛార్జింగ్ సంగతి. స్ప్లిట్ కోర్ సీటీని (రెండు ముక్కలుగా తెరుచుకునే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను) తీగ చుట్టూ బిగిస్తే లైన్ కరెంటుతోనే ఛార్జ్ అవుతుంది. కానీ ఆంధ్రలో వ్యవసాయానికి సప్లై పగలు 9 గంటలే కదా, మిగతా టైమ్ గడవాలంటే ఛార్జ్‌ను దాచుకునే సూపర్ కెపాసిటర్ గానీ, ఛార్జ్ అయ్యే బ్యాటరీ గానీ ఉండాల్సిందే. లోడ్ మరీ తక్కువైతే సీటీ కన్నా చిన్న సోలార్ ప్యానెలే నయం. సీటీ పెడితే టీవీఎస్ డయోడ్ (హఠాత్తుగా పెరిగే వోల్టేజీని అడ్డుకునే చిన్న భాగం) మాత్రం మానకండి. అది లేకపోతే, లైన్‌లో ఫాల్ట్ వచ్చినప్పుడు సీటీ నుంచి ఒక్కసారిగా వచ్చే వోల్టేజీకి బోర్డు కాలిపోతుంది. పది రూపాయల దగ్గర పీనాసితనం ఎందుకు?

మార్చడానికి మీరు స్తంభం ఎక్కొద్దు. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, తీగకు ఎర్త్ వేశాక లైన్‌మన్ చేతే విప్పించండి.