ఇంత ఉక్కపోతలోనూ ఆకాశం ఖాళీగా ఎందుకుంటుంది? మబ్బులు పుట్టే తీరు, వాటి రకాలు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు: మబ్బులు ఎలా ఏర్పడతాయి, అవి ఎన్ని రకాలు, మే నెలలో ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో చొక్కా తడిసిపోయేంత తేమ గాలిలో ఉన్నా ఆకాశంలో మబ్బు జాడ ఎందుకు ఉండదు. మొదటి రెండింటికి దారి మూడోదానిలోనే ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మాది ప్రకాశం జిల్లా తీరంలో ఉప్పు సాగు చేసే కుటుంబం. మడిలో ఉప్పు గట్టిపడుతున్న రోజుల్లో ఒక పెద్ద జల్లు పడితే పని మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, ఆకాశాన్ని పరిశీలనగా చూడడం మా ఇంట్లో అందరికీ చిన్ననాటి నుంచీ అలవాటు. ఆ చూపుకు కారణాలను తర్వాత చదువుకున్న వాతావరణ శాస్త్రం చెప్పింది.

మబ్బుకు తేమ అవసరమే గాని, తేమ ఒక్కటే చాలదు. ఆ తేమగాలి పైకి లేవాలి. పైకి పోయేకొద్దీ చుట్టూ ఉండే వాయుపీడనం తగ్గుతుంది కనుక లేచిన గాలి వ్యాకోచిస్తుంది, అలా వ్యాకోచించడానికి తనలోని వేడినే ఖర్చు చేస్తుంది కనుక కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. చల్లబడుతూ పోగా ఒక ఎత్తులో అది తనలోని నీటి ఆవిరిని ఇక ఆవిరిగా ఉంచుకోలేని స్థితికి చేరుతుంది. ఆ ఉష్ణోగ్రతనే తుషార స్థానం అంటారు. అక్కడ ఆవిరి సూక్ష్మమైన నీటి బిందువులుగా మారుతుంది. ఆవిరి కంటికి కనిపించదు. మనం మబ్బు అని చూసేది ఈ బిందువులనే. ఎండ రోజుల్లో కనిపించే తెల్లని మబ్బుల అడుగుభాగం గీత గీసినట్టు సమంగా ఉండడానికి కారణం కూడా ఇదే. నేల దగ్గర ఉష్ణోగ్రతకూ తుషార స్థానానికీ మధ్య ఉన్న తేడాను 125తో గుణిస్తే ఆ అడుగుభాగం దాదాపు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో తెలుస్తుంది. ఉష్ణోగ్రత 33, తుషార స్థానం 25 డిగ్రీలుంటే మబ్బు అడుగు సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది.

ఆవిరి బిందువుగా మారడానికి ఒక ఆధారం కూడా కావాలి. దుమ్ము, పొగ, పుప్పొడి వంటి అతి చిన్న రేణువుల చుట్టూ నీరు చేరుతుంది. వాటిలో నీటిని బాగా పీల్చుకునేవి సముద్రపు ఉప్పు రేణువులు. అలలు విరిగినప్పుడు లేచే తుంపర ఎండిపోగా మిగిలిన ఉప్పు గాలితో పాటు పైకి పోతుంది. మేము మడుల్లో పండించే ఉప్పే మా మీద కురిసే వానకు విత్తనం అవుతుందని చదివిన రోజున నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు మే నెల సంగతికి వద్దాం. మధ్యాహ్నం తర్వాత సముద్రం నుంచి వీచే గాలి తేమను తెస్తుంది గాని, ఆ తేమ నేలకు దగ్గరగా, పలుచని పొరలోనే ఉండిపోతుంది. దాని పైన పడమటి నుంచి, అంటే రాయలసీమ, తెలంగాణ వైపు నుంచి వచ్చే పొడి వేడిగాలి మూతలా కూర్చుని ఉంటుంది. కింది గాలి లేవబోయినా తనకంటే వెచ్చని గాలి పైన ఉన్నందువల్ల ముందుకు పోలేదు. మనకు ఉక్కపోత మిగులుతుంది, మబ్బు పట్టదు. ఎప్పుడైనా ఒక సాయంత్రం ఆ మూత ఎక్కడో తెగితే, అంతవరకూ అణిగి ఉన్న తేమ అంతా ఒక్కసారిగా పైకి లేచి గాలివాన అవుతుంది.

గాలి లేచిన తీరే మబ్బు ఆకారాన్ని నిర్ణయిస్తుంది. రకాలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఎండకు కాగిన నేల మీది గాలి ఒక్కొక్క చోట వేగంగా లేస్తే కుప్పలుగా పెరిగే క్యుములస్ వస్తుంది. విశాలమైన ప్రాంతంలో నెమ్మదిగా, కలిసికట్టుగా లేస్తే దుప్పటిలా పరుచుకునే స్ట్రాటస్ జాతి వస్తుంది. బాగా ఎత్తున మంచు స్ఫటికాలతో ఏర్పడేది పోగులు పోగులుగా కనిపించే సిర్రస్. ఈ పేర్లను 1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే ఔషధ వ్యాపారి ప్రతిపాదించారు. నేడు ప్రపంచ వాతావరణ సంస్థ వాడే 10 ప్రధాన రకాలు ఆ పునాది మీద నిలిచినవే. ఎత్తున ఉండేవి సిర్రస్, సిర్రోక్యుములస్, సిర్రోస్ట్రాటస్. మధ్య ఎత్తున ఆల్టోక్యుములస్, ఆల్టోస్ట్రాటస్. కింద స్ట్రాటస్, స్ట్రాటోక్యుములస్, క్యుములస్. ఒకటి కంటే ఎక్కువ అంతస్తుల్లో వ్యాపించేవి నింబోస్ట్రాటస్, క్యుములోనింబస్. జనవరి తెల్లవారుజామున పెన్నా ఒడ్డున కనిపించే పొగమంచు కూడా నేలను తాకిన మబ్బే, కాకపోతే అక్కడ గాలి పైకి లేచి కాక, రాత్రి చల్లబడిన నేలను తాకి చల్లబడుతుంది.

వీటిలో వాన కోసం ఎదురుచూసేవారు, వానకు భయపడేవారు గుర్తుపెట్టుకోవలసినవి రెండు. మొదటిది క్యుములోనింబస్. ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల్లో పడమటి గాలి, సముద్రపు గాలి ఎదురెదురుగా కలిసినచోట తేమగాలి పైకి పోక తప్పదు. వెలిగొండ, నల్లమల కొండల వాలు కూడా దాన్ని పైకి తోస్తుంది. ఆవిరి బిందువుగా మారేటప్పుడు తనలో దాగి ఉన్న వేడిని, అంటే గుప్తోష్ణాన్ని, విడిచిపెడుతుంది కనుక ఆ మబ్బు తన వేడితోనే ఇంకా పైకి ఎగబాకుతుంది. మన అక్షాంశాల్లో 15 కిలోమీటర్లు దాటడం కూడా ఉంది. అక్కడ ఇక పెరిగే వీలు లేక దాని తల పక్కలకు సాగి, కమ్మరి దాగలి ఆకారం వస్తుంది. మన ఆకాశంలో సుమారు 5 కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రత సున్నా కంటే తక్కువ కనుక, కింద ఎంత ఎండ కాస్తున్నా ఆ మబ్బు పైభాగంలో మంచు ఉంటుంది. మంచు స్ఫటికాలు, మెత్తటి వడగళ్లు ఒకదానికొకటి ఒరుసుకోవడం వల్లనే విద్యుదావేశం విడిపోయి మెరుపు పుడుతుంది.

రెండోది నింబోస్ట్రాటస్, అంటే మన ముసురు మబ్బు. నెల్లూరు జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాల కాలంలోనే ఎక్కువ వాన పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే చుట్టుపక్కల గాలి అంతా దాని వైపు చేరి, అక్కడ మరో దారి లేక పైకి లేస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మా తీరం వెంబడి ఉత్తరానికి సాగినప్పుడు, ఆకాశానికి అంచు, ఆకారం అనేవి లేకుండా పోయి, పగలు కూడా దీపాలు పెట్టుకోవలసివచ్చింది. అటువంటి మబ్బులో మధ్యమధ్య క్యుములోనింబస్‌లు దాగి ఉంటాయి, కుండపోత వాటి వల్లనే వస్తుంది.

అన్ని మబ్బులూ కురవకపోవడానికి కారణం బిందువు పరిమాణం. మబ్బులోని బిందువు వ్యాసం దాదాపు 0.02 మిల్లీమీటర్లు, వాన చినుకుది సుమారు 2 మిల్లీమీటర్లు. అంటే లక్షల బిందువులు కలిస్తే గాని ఒక చినుకు కాదు. అంతగా కలవడానికి మబ్బుకు మందం, సమయం రెండూ కావాలి. పలుచని మబ్బుకు అవి ఉండవు. కనిగిరి, పామూరు వైపు వేసవిలో మబ్బు కింద వాన ధారలు వేలాడుతున్నట్టు కనిపించి నేల మాత్రం తడవకపోవడం మీరూ చూసి ఉంటారు. ఆ చినుకులు కింది పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతాయి.

ఇక ముందే చెప్పగలమా అన్న సందేహం మీకు కలగవచ్చు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినప్పుడు మా పెద్దలు “దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన” అనేవారు. ఇందులో గట్టి విషయం ఉంది. చెయ్యి పూర్తిగా చాచి జాన పెడితే, చంద్రుడి నుంచి దాదాపు ఆ జాన దూరంలో, అంటే సుమారు 22 డిగ్రీల వ్యాసార్ధంతో కనిపించే పెద్ద వలయం సిర్రోస్ట్రాటస్‌లోని మంచు స్ఫటికాల గుండా వెలుగు వంగడం వల్ల వస్తుంది. అల్పపీడనం రాకముందు తరచుగా కనిపించే పొర అదే. చంద్రుడిని అంటిపెట్టుకుని రంగులతో కనిపించే చిన్న వలయం మధ్య ఎత్తున ఉండే పలుచని నీటి మబ్బుల వల్ల వస్తుంది. వాటికి వానతో అంత సంబంధం లేదు. అయితే దూరాన ఎక్కడో కురిసి చెదిరిపోయిన ఉరుముల మబ్బు తల కూడా పెద్ద గుడి కట్టగలదు కనుక, వలయం ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. మరునాటికి ఆ పొర దట్టమై, సూర్యుడు గరుకు అద్దం వెనక ఉన్నట్టు మసకగా కనిపించి, మన నీడ నేల మీద పడకుండా పోతే, కింద ఈశాన్యం నుంచి తునకలు తునకలుగా మబ్బులు పరుగెడుతుంటే, మేము మడుల్లో తయారైన ఉప్పును ఎత్తి కప్పేస్తాం.

పడమటన లేచే దాగలి మబ్బు విషయంలో మాత్రం అంత వ్యవధి ఉండదు. వాన పడుతున్న చోటికి 10 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడవచ్చు కనుక, మీరు పొలంలోనో రొయ్యల చెరువు గట్టు మీదో ఉండగా ఉరుము వినబడితే చినుకు కోసం చూడకుండా, చెట్టు కిందికి పోకుండా, వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లండి.