చందా అంటే విరాళమా, వెలా?

సందేహం: మేడమ్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్లు, హనుమకొండలో ఉంటాను. మా నానమ్మ మాటల్ని, మా వాడకట్టు ముచ్చట్లని బొమ్మల కథలుగా గీసి మూడేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. ఒక దినపత్రికకు వారానికో కార్టూన్ కూడా ఇస్తాను. ఉద్యోగం మానేసి బొమ్మల మీదే బతకాలని ఉంది. నెలకు 99, 299, 999 రూపాయల సభ్యత్వాలు పెట్టాలనుకుంటున్నాను. 99 వాళ్లకు కథ వారం ముందే చూపిస్తాను. 299 వాళ్లకు చిత్తు బొమ్మలు, నెలకో లైవ్. 999 వాళ్లకు మూడు నెలలకోసారి సంతకం చేసిన పోస్టర్ ఇంటికి పంపిస్తాను. డాలస్‌లో ఉన్న మా మేనమామ ఒకేసారి రెండు లక్షలు పంపిస్తానంటున్నాడు. ఇంకో అభిమాని పుస్తకానికి పెట్టుబడి పెడతాను, లాభంలో వాటా ఇవ్వమంటున్నాడు. ఇవన్నీ విరాళాలే, పన్ను ఉండదని మిత్రులంటున్నారు. నిజమేనా? ఒంట్లో బాగాలేక ఒక నెల గీయలేకపోతే కేసు పెడతారా? డబ్బు కట్టినవాళ్లకు నా బొమ్మల మీద హక్కు వస్తుందా?
– పేరు వద్దు, హనుమకొండ

సమాధానం: మీ మిత్రుల మాటతోనే మొదలుపెడతాను. చాలామంది కళాకారులు కాలు జారుతున్నది అక్కడే.

మన భాషలో చందా అన్న మాటకు రెండర్థాలున్నాయి. వినాయక చవితి పందిరికి ఇచ్చేదీ చందాయే, పత్రికకు ఏడాదికి కట్టేదీ చందాయే. మొదటిది ఇచ్చాక తిరిగి అడిగేదేమీ ఉండదు. రెండోది కట్టాక సంచిక రాకపోతే కార్డు ముక్క రాసి అడుగుతాం. మా నాన్నగారు సాహిత్య పత్రికలు తెప్పించేవారు. చుట్టి పంపిన రేపర్ మీద, చిరునామా పక్కన, ఎర్ర సిరాతో ‘మీ చందా ఈ సంచికతో ముగిసింది’ అని ముద్ర ఉండేది. అది చూసిన మర్నాడే ఆయన మనియార్డరు ఫారం తెచ్చుకునేవారు. ఆ ఎర్ర ముద్రలో ఒక ఒప్పందం ఉంది: ఇంత కట్టావు, ఇన్ని సంచికలు ఇచ్చాను, లెక్క సరి.

మీరు పెట్టబోయే సభ్యత్వం ఈ రెండో రకం చందా. 2013లో అమెరికాలో, అభిమానులు కళాకారులకు నెలనెలా డబ్బు కట్టే పేట్రియాన్ అనే వెబ్‌సైటు మొదలయ్యాక ఈ పద్ధతి కొత్త పేర్లతో మన దాకా వచ్చింది గానీ, మన చిన్న పత్రికలు దశాబ్దాల పాటు బతికింది ఇలాగే. వారం ముందు కథ, చిత్తు బొమ్మలు, లైవ్, పోస్టర్ ఇస్తానని మీరే రాశారు. ఇస్తానన్నదానికి డబ్బు తీసుకుంటే చట్టం దృష్టిలో అది వెల. రసీదు మీద ‘విరాళం’ అని రాసినంత మాత్రాన దాని స్వభావం మారదు.

పైగా విరాళం అనిపించుకున్నా మీకు ఒరిగేది లేదు. బంధువులు కానివాళ్ల దగ్గర ఊరికే తీసుకున్న డబ్బు ఏడాదిలో మొత్తం 50,000 దాటితే, దాటిన మేరకే కాదు, మొత్తమంతా మీ ఆదాయంలో కలుస్తుంది. అప్పుడు ఖర్చులు తీసేసుకునే దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. అదే వృత్తి ఆదాయంగా చూపిస్తే బొమ్మలు గీసే ట్యాబ్, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్‌లో పనికి వాడిన భాగం, కొరియర్, వేదిక తీసుకునే కమీషన్ అన్నీ పద్దు రాసి తీసేయవచ్చు. నా దగ్గరికి ఒక గాయని వచ్చింది. నెలకు నాలుగు పాటల పాఠాలు ఇస్తానని పేజీలో రాసి, వచ్చిన డబ్బుకు మాత్రం ‘విరాళం’ అని వాట్సాప్‌లో రసీదులు పంపేది. రిటర్ను వేయలేదు. నోటీసు వచ్చాక ఆమె పేజీనే ఆమె మీద సాక్ష్యమైంది. మొదటి ఏడాదే వృత్తి ఆదాయంగా రిటర్ను వేసి ఉంటే ఒక్క రూపాయి పన్ను కూడా పడేది కాదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీకూ పన్ను భయం పెద్దగా అక్కర్లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను కట్టాల్సిన ఆదాయం ఉన్నా రిబేటు వల్ల పన్ను సున్నా. కానీ నాలుగు లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. పాత నంబర్లు చూపించి సలహా ఇచ్చే వీడియోలను నమ్ముకోకండి.

జీఎస్టీ దగ్గర కొంచెం నిలబడాలి. సేవలకైతే ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సభ్యుడు విజయవాడలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా అంతే. విదేశీ సభ్యులు కట్టేదీ ఆ 20 లక్షల లెక్కలోకే వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. ఇబ్బందంతా మీ 999 పోస్టర్‌తోనే. పోస్టర్ వస్తువు. పన్ను పడే వస్తువును రాష్ట్రం దాటించి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హనుమకొండ నుంచి వరంగల్‌కు పంపితే బాధ లేదు. విజయవాడకు ఒక్కటి పంపినా ప్రశ్న మొదలవుతుంది. చేత్తో చేసిన హస్తకళా వస్తువులకు ఒక మినహాయింపు ఉంది గానీ ప్రెస్సులో అచ్చేసిన పోస్టర్ దాని కిందికి రాదు. సభ్యత్వంలో సేవే ప్రధానం, పోస్టర్ దానికి తోడు మాత్రమే అని వాదించవచ్చు. కానీ ఆ వాదన అధికారి ముందు మీరు నెగ్గాలి. మూడు వందల రూపాయల పోస్టర్ కోసం ఆ తిప్పలెందుకు? మొదటి ఏడాది పోస్టర్‌కు బదులు పెద్ద సైజు డిజిటల్ బొమ్మ ఇవ్వండి. అచ్చు వస్తువు ఇవ్వకపోతే మనసొప్పదంటే బొమ్మల కథల చిన్న పుస్తకం వేయండి. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి అది రాష్ట్రం దాటినా పోస్టర్ తెచ్చే చిక్కు తేదు.

ఇక మేనమామ గారి రెండు లక్షలు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపింది ఇదే. ఆదాయపు పన్ను చట్టంలో మేనమామ బంధువే. తల్లిదండ్రుల తోబుట్టువులు ఇచ్చే బహుమతికి పన్ను లేదు. అయితే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, బంధువులను కంపెనీల చట్టంలోని జాబితా ప్రకారం చూస్తుంది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆ జాబితాలో ఉన్నారు. మేనమామ లేడు. మన ఇళ్లలో పెళ్లిపీటల దాకా మేనమామే నడిపించినా, ఆ చట్టానికి ఆయన పరాయివాడే.

అలాగైతే మీకేమిటంటారా? 2010 నాటి ఆ చట్టం మూడో సెక్షన్‌లో విదేశీ విరాళం తీసుకోకూడనివాళ్ల వరుస ఉంది. ఎన్నికల అభ్యర్థులు, న్యాయమూర్తులు, ప్రభుత్వోద్యోగులతో పాటు రిజిస్టరైన పత్రికల విలేకరులు, కాలమిస్టులు, కార్టూనిస్టులు అని పేరు పెట్టి రాశారు. వారానికి ఒక్క కార్టూన్ ఇచ్చే మీరు ఆ మాట కిందికి రారని నేను భరోసా ఇవ్వలేను. కాబట్టి ముందు మేనమామ గారిని ఒక్క ప్రశ్న అడగండి: మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది? ఇంకా భారతీయ పాస్‌పోర్టే ఉంటే ఆయన సొంత సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా సరే, ఆయన విదేశీయుడే. అప్పుడు రెండు లక్షలు తీసుకోవద్దు. అందరిలాగే ఆయన్నూ 999 సభ్యత్వం తీసుకోమనండి. వృత్తిలో భాగంగా ఇచ్చిన సేవకు వచ్చే రుసుమును ఆ చట్టం విదేశీ విరాళంగా చూడదు. డాలస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్‌లలోని మిగతా సభ్యులకూ ఇదే వర్తిస్తుంది. అందుకే మీరిచ్చేదేమిటో, దాని ధరేమిటో కాగితం మీద స్పష్టంగా ఉండాలి. విరాళం అన్న మాట అక్కడ మిమ్మల్ని కాపాడకపోగా ముంచుతుంది.

లాభంలో వాటా అడిగిన అభిమానికి దండం పెట్టి వద్దని చెప్పండి. ఒక్క మిత్రుడు ప్రామిసరీ నోటు మీద అప్పిస్తే అది వేరు. కానీ ‘వెయ్యి పెట్టండి, పుస్తకం అమ్ముడయ్యాక పన్నెండు వందలు ఇస్తాను’ అని నలుగురికి చెప్పి డబ్బు పోగేశారా, 2019లో వచ్చిన అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం మీ గుమ్మంలోకి వస్తుంది. అందులో జైలు శిక్ష ఉంది. మంచి మనసుతో చేశానంటే అది ఆగదు. పుస్తకానికి డబ్బు కావాలంటే ముందస్తు కొనుగోలు పెట్టండి: ఇంత ధర, ఫలానా నెలలో పుస్తకం, రాకపోతే డబ్బు వాపస్.

గీయలేని నెల గురించి అడిగారు. డబ్బు కట్టిన సభ్యుడు వినియోగదారుడే. 2019 చట్టం ప్రకారం శ్రీకాకుళంలో ఉన్న సభ్యుడు తన జిల్లా కమిషన్‌లోనే మీ మీద ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. జ్వరం వచ్చిందని 99 రూపాయల కోసం ఎవరూ కోర్టుకెక్కరు. డబ్బు తీసుకుని మాట్లాడకుండా ఉంటే మాత్రం ఎక్కుతారు. కాబట్టి గీయలేని నెల ముందే చెప్పి వసూలు ఆపండి. చేరడం ఎంత తేలికో మానుకోవడమూ అంత తేలికగా ఉండాలి. మానుకునే దారి దాచిపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 మార్గదర్శకాలు తప్పుడు పద్ధతిగా పేర్కొన్నాయి. యూపీఐ ఆటోపే పెడితే డబ్బు కోసే 24 గంటల ముందు సభ్యుడికి సందేశం వెళ్లాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ సందేశం చూసి కొందరు మానుకుంటారు. మానుకోనివ్వండి. జీవితకాల సభ్యత్వం అని మాత్రం అమ్మకండి. జీవిత చందాలు తీసుకుని మూడేళ్లకే మూతపడిన పత్రికలను చూశాను. ఆ సంపాదకులు చందాదారులు ఎదురైతే తల దించుకుని వెళ్లేవారు.

సభ్యత్వం పేజీలో ఈ నాలుగు ముక్కలూ తెలుగులో పెట్టండి, కావాలంటే ఉన్నదున్నట్టు వాడుకోండి:

‘ఇది నెలవారీ సభ్యత్వం. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నాక మరుసటి నెల డబ్బు తీసుకోను. నెలకు కనీసం రెండు కథలు ఇస్తాను. ఇవ్వలేని నెల డబ్బు తీసుకోను, తీసుకుని ఉంటే పది రోజుల్లో తిరిగి పంపిస్తాను. ఈ బొమ్మలు మీరు చూసుకోవడానికి. వేరేచోట పెట్టడానికి, అచ్చు వేయడానికి, అమ్మడానికి కాదు. వాటి కాపీరైట్ నాదే. ఇది పెట్టుబడి కాదు, లాభంలో వాటా ఉండదు. 18 ఏళ్లు నిండినవారే చేరాలి.’

చివరి వాక్యం ఎందుకంటే, మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే, బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. నాన్న ఫోనులోంచి కట్టిన పదో తరగతి పిల్లాడి డబ్బును ఆ నాన్న అడిగిన రోజే తిరిగి ఇచ్చేయండి.

మీ బొమ్మల మీద హక్కు సభ్యులెవరికీ రాదు. కాపీరైట్ గీసిన క్షణానే మీకు వస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీరు రాతపూర్వకంగా, సంతకంతో ఇస్తే తప్ప అది చేతులు మారదు. 999 కట్టినా, 99,000 కట్టినా అంతే. సభ్యులకు మాత్రమే చూపించిన కథను ఎవరైనా టెలిగ్రామ్ గ్రూపులో పెడితే, మొదట ఆ మనిషికే మర్యాదగా సందేశం పంపండి. చాలాసార్లు తెలియక ప్రేమతో పెట్టినవాళ్లే ఉంటారు. తీయకపోతే ఆ వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2013 కాపీరైట్ నియమాల ప్రకారం వాళ్లు 36 గంటల్లో దాన్ని ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు కాబట్టి తేదీలు రాసిపెట్టుకోండి. ఇది పోలీసు కేసు కూడా అవుతుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం, వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్ముకునేవాడి మీద ఆ దారి పట్టండి. అభిమాని మీద వద్దు.

మీరు అడగని ఒక్క విషయం. పత్రికలో వచ్చే కార్టూన్లలోనూ మీ నానమ్మ పాత్రే ఉందా? జీతం లేకుండా బొమ్మకింత అని తీసుకుంటూ, ఏ కాగితం మీదా సంతకం చేయకపోతే ఆ బొమ్మలు మీవే. కానీ మొదటి చెక్కు తీసుకున్న రోజున ఏదైనా ఫారం మీద సంతకం పెట్టించుకున్నారేమో గుర్తు చేసుకోండి. ‘సర్వహక్కులూ పత్రికవే’ అన్న లైను అందులో ఉంటే నానమ్మ పాత్ర మీద రేపు తగాదా రావచ్చు. ఆ కాగితం ఈ వారమే వెతకండి. దొరికితే సభ్యత్వం పేజీ తెరవకముందే హనుమకొండలో మీకు తెలిసిన లాయరుకు చూపించండి, లేదా దాని నకలు నాకు పంపించండి.